అలుగు పక్క చారల ఇల్లు

ఓబన్నపట్టి చెరువు దగ్గర, నిండిన నీళ్ళు పొర్లిపోయే అలుగు పక్కన, ఒక ఒంటి ఇల్లుంది. పొద్దు వాలాక ఆ దారిన ఎవరూ పోరు.

ఎట్టయాపురం నుంచి అరుప్పుకోట్టై పోయే బస్సు డ్రైవరు ఆ మలుపులో హారన్ కూడా కొట్టడు. కొడితే లోపలున్నది తల తిప్పి చూస్తుందట. చెరువులోకి దిగిన మేకలు చీకటి పడేలోగా గట్టెక్కకపోతే, కాపర్లు వాటిని అక్కడే వదిలేసి ఇళ్ళకు పోతారు కానీ ఆ ఇంటి ముందు నుంచి తోలుకురారు.

ఆ ఇంటికి చెడ్డపేరు ఎందుకొచ్చిందంటే... దాని గోడ తెల్లగా ఉండదు.

సాయంత్రం సున్నం కొట్టి పోతారు. తెల్లారి చూస్తే గోడకు అడ్డంగా ఎర్రటి కావి చారలు. ఒకటి మోకాలెత్తున. ఒకటి నడుమెత్తున. ఒకటి రొమ్మెత్తున. కొన్నిసార్లు గుమ్మం పైన ఇంకొకటి... ముట్టుకుంటే తడి. మళ్ళీ సున్నం కొడతారు. మళ్ళీ చారలొస్తాయి.

సున్నం కొట్టే మాడన్ ఒకసారి పంతానికి పోయి, ఎవరు గీస్తారో చూస్తానని రాత్రి అక్కడే అరుగు మీద పడుకున్నాడు. ఊరికే పడుకున్నా బాగుండేది. "ఇంకెంత ఎత్తు దాకా గీస్తావయ్యా నువ్వు?" అని గోడతో వేళాకోళమాడాడట. తెల్లవారుజామున ఊళ్ళోకి పరిగెత్తుకొచ్చినప్పుడు చేతిలో కుంచె లేదు, కాళ్ళకు చెప్పులు లేవు. మూడు రోజులు జ్వరం.

ఏం చూశావురా అంటే, ఏమీ చూడలేదు, విన్నానన్నాడు.

ఏం విన్నావు?

"ఇంకా పైకి... ఇంకా పైకి..."

అప్పటినుంచి అది చారల ఇల్లయింది. నమ్మమని ఎవరినీ బతిమాలడం లేదు. కానీ అరుప్పుకోట్టై రాఘవేంద్రన్ మాత్రం దెయ్యాలంటే పకపకా నవ్వే మనిషి. ఆయనకు జరిగింది విన్నది విన్నట్టు చెబుతాను, తర్వాత మీ ఇష్టం.

రాఘవేంద్రన్‌ది నేత కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. అద్దె ఇంట్లో నాలుగు కరెంటు మగ్గాలు పెట్టుకుని తువ్వాళ్ళు నేయిస్తాడు. మేడ మీద కొత్తగా కాపురానికొచ్చినవాళ్ళకు ఆ చప్పుడు పడలేదు. వాళ్ళు ఇంటాయనకు చెప్పారు, ఇంటాయన ఈయనకు చెప్పాడు: డిసెంబరు ఆఖరుకల్లా మగ్గాలు ఎత్తెయ్యాలి. ఎక్కడికి ఎత్తాలి? ఊళ్ళో ఎవరూ మగ్గాలకు జాగా ఇవ్వరు. సొంత స్థలం కొని షెడ్డు వేసుకోవడం తప్ప దారి లేదు.

అప్పుడు బ్రోకరు తంగరాజ్ ఆయన్ను బండి మీద ఎక్కించుకుని ఓబన్నపట్టి చెరువు గట్టుకు తీసుకెళ్ళాడు. పట్టపగలే తీసుకెళ్ళాడు, తెలివైనవాడు.

చెరువులో ముప్పాతిక వంతు ఎండి నెర్రెలు తీసింది. నడుమ కొంచెం నీళ్ళు మెరుస్తున్నాయి. వాటిమీదుగా గాలి వస్తోంది... చల్లగా, కాస్త తేమగా. నల్లరేగడి నేలల్లో పుట్టి పెరిగినవాడికి అలాంటి గాలి ఒంటికి తగిలితే పెళ్ళిలో పన్నీరు చల్లినట్టుంటుంది. అందులోనూ ఈయన నేతగాడు. ఎండు గాలికి పడుగు నూలు పుటపుటా తెగిపోతుంది. తెగిన ప్రతిసారీ మగ్గం ఆపాలి, ముడి వేయాలి, మళ్ళీ నడపాలి. జీవితమంతా ఆ ముళ్ళు వేయడంతోనే సరిపోయిందని ఆయన బాధ.

చొక్కా జేబులోంచి ఒక నూలుపోగు తీశాడు. రెండు చేతుల మధ్య పట్టి, చెరువు గాలికి అడ్డంగా సాగదీశాడు. పోగు తెగలేదు. ఇంకా లాగాడు. అయినా తెగలేదు.

అంతే, ఆయన పని అక్కడే అయిపోయింది.

స్థలంతో పాటు ఒంటి ఇల్లు కూడా వస్తుందన్నారు. గోడకు అప్పుడే సున్నం వేశారు, ఘాటు ముక్కుకు తగులుతోంది. దగ్గరకు పోయి చూస్తే సున్నం కింద ఎర్రగా ఏవో అడ్డ చారలు మసగ్గా కనిపించాయి.

"ఇదేంటి?" అనడిగాడు.

స్థలం ఆసామి తిరుపతిసామి పంచె సర్దుకున్నాడు. "ఈడ చెరువు కాపలాకు ఆండి అని ఒకడు ఉండిండె కదా, వాడికి భక్తి జాస్తి. గుడి గోడకు కొట్టినట్టు కావి కొట్టుకొనిండాడు. దాంట్లో ఏముండాది?"

ఈ పక్కంతా అంతే. గుడి గోడకు కావీ సున్నం చారలు, పండగొస్తే ఇంటి అరుగుకు కావి పట్టె, పెళ్ళొస్తే గుమ్మం పక్కన కావి పట్టె. కావి చార కనిపిస్తే చేయి దానంతటదే నమస్కారానికి లేస్తుంది. అది ఎందుకు ఆ ఎత్తులోనే ఉందని ఎవడడుగుతాడు? రాఘవేంద్రన్ కూడా చెప్పులు విడిచి, గోడకు రెండు చేతులూ జోడించాడు.

ఆ నమస్కారమే ఆయన చేసిన తప్పు.

ఇంటికొచ్చి బృందకు చెప్పాడు. స్థలం భార్య పేరున కొనాలని ముందే అనుకున్నారు కాబట్టి సంతకం ఆమెదే. ఆమె గిన్నెలు తోముతూ అంతా వింది. గాలి గురించి వింది, పోగు గురించి వింది. చివరికి ఒకటే అడిగింది.

"కమ్మా నిండితే ఆ జాగాలోకి నీళ్ళొస్తాయా?"

చెరువును మావాళ్ళు కమ్మా అనే అంటారు.

"గాలి ఎంత బాగుండాదో తెలుసా నీకు?"

"నేనడిగింది గాలి సంగతి కాదండీ."

"ఆ కమ్మా ఎప్పుడు నిండింది? పదేండ్లకొక తూరి కూడా నిండదు."

"నిండే ఆ ఒక్క తూరి మన మగ్గాలు ఆడుంటే?" గిన్నె బోర్లించింది. "ఆఫీసులో ఆ సంగతి తెలిసినవాళ్ళతో రాయించుకొని రండి. ఆ కాగితం వస్తేనే నా సంతకం."

రిజిస్ట్రేషన్‌కు వచ్చే శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు టోకెను తీసుకున్నారు. ఇంకా తొమ్మిది రోజులుంది. ఒక్క ముక్క కనుక్కోవడానికి తొమ్మిది రోజులెందుకు, అనుకున్నాడు పాపం.

ఆ చెరువుది ఒక తిరకాసు. గట్టు మీదుగా జిల్లా సరిహద్దు పోతుంది. చెరువు తూత్తుకుడి జిల్లాలో ఉంది, దాని కాగితాలు కోవిల్‌పట్టిలో ఉంటాయి. అమ్మే స్థలం విరుదునగర్ జిల్లాలో ఉంది, దాని కాగితాలు విరుదునగర్‌లో ఉంటాయి. నీళ్ళకు ఈ సంగతి తెలియదు. ఆఫీసులకు ఇది తప్ప ఇంకేమీ తెలియదు.

విరుదునగర్‌లో ఒక ఆఫీసులో పట్టా చూసి, "భూమి శుభ్రంగా ఉందండీ" అన్నారు.

"సంతోషం సార్. నీళ్ళొస్తాయా?"

"నీళ్ళు ఆ జిల్లావి కదా. కోవిల్‌పట్టిలో అడగండి."

కోవిల్‌పట్టి పోయాడు. బస్సులో నిలబడి పోయాడు. అక్కడి ఆఫీసులో ఒకాయన పెద్ద పటం పరిచి, వేలు పెట్టి చూపించాడు. "చెరువు మాదే. లోపలున్నంతవరకు నీళ్ళు కూడా మావే. గట్టు దాటితే అవి మీ జిల్లా నీళ్ళు."

మళ్ళీ విరుదునగర్. ఈసారి ఇంకో గది. కంప్యూటర్లో దరఖాస్తు పెట్టమన్నారు. పెట్టాడు. చెరువు ఏ జిల్లా అని అడిగింది, నొక్కాడు. స్థలం ఏ జిల్లా అని అడిగింది, నొక్కాడు. రెండూ ఒకటే అయి ఉండాలని ఎర్ర అక్షరాల్లో చెప్పి, రాసిందంతా చెరిపేసింది. మూడుసార్లు చెరిపేసింది. చివరికి కాగితం మీద రాసిచ్చాడు. పక్క బల్ల దగ్గరాయన జాలిపడి, చెరువు పూర్తి మట్టానికి, అంటే నిండినప్పుడు నీళ్ళు చేరే హద్దుకు, ఇంత దూరంలోపు ఏదీ కట్టకూడదని నిబంధన ఉందని చెప్పాడు.

"ఆ పూర్తి మట్టం ఎక్కడిదాకా సార్?"

"రాయి పాతి ఉంటుంది."

"ఎక్కడ?"

"అక్కడే."

రాఘవేంద్రన్‌కు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఎవరూ కసురుకోలేదు. ఎవరూ చేయి చాచలేదు. ఒకాయన టీ కూడా ఇప్పించాడు. అందరూ మర్యాదస్థులే, ఒక్కరూ జవాబు చెప్పరు! జెరాక్సు కొట్టువాడు ఇప్పుడు ఆయన్ను చూస్తూనే, అడక్కుండానే, మిషన్ ఆన్ చేస్తున్నాడు. ఇంటికి పోతే బృంద అన్నం వడ్డిస్తూ మొహం వంక చూస్తుంది. ఆయన తల అడ్డంగా ఊపుతాడు. ఆమె రసం పోస్తుంది. ఏమీ అనదు. అదే ఆయనకు ఇంకా మంటగా ఉండేది.

గురువారం మళ్ళీ కోవిల్‌పట్టి. ఆ ఆఫీసులో గాంధిమతి అనే గుమస్తా ఈయన్ను నాలుగు రోజులుగా చూస్తోంది. చివరికి తనే పిలిచింది.

"సార్, ఆ రాయి మీద నంబరు చెక్కి ఉంటుంది. దాని ఫోటో, అది ఉన్నచోటి ఫోటో తీసుకురండి. రేపు పొద్దున పదింటిలోపు తెస్తే, పటంలో చూసి నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో నేను రాసిస్తాను."

ఆమె కాళ్ళ మీద పడదామనుకున్నాడు. రేపు పది గంటలకు కాగితం, పన్నెండుకు రిజిస్ట్రేషన్. అంటే రాయిని ఇవాళే చూడాలి. తంగరాజ్‌కు ఫోన్ చేశాడు. స్విచ్చాఫ్. ఎట్టయాపురం దాకా ఒక బస్సు, అక్కడ అరుప్పుకోట్టై బస్సు. చెరువు మలుపు దగ్గర ఆపమంటే కండక్టరు టిక్కెట్ల సంచి పట్టుకుని కాసేపు అలాగే చూశాడు.

"ఇప్పుడా?" అన్నాడు మెల్లగా.

బస్సు దిగేసరికి ఆరున్నర. చీకటి పడిపోయింది. సన్నగా తుంపర.

రాఘవేంద్రన్ ఫోన్ లైటు వేసుకుని గట్టు దిగాడు. సర్కారు తుమ్మ ముల్లు చెప్పులోంచి దూరి పాదంలో గుచ్చుకుంది. పీకి పారేశాడు. పది అడుగులేశాడు, రెండోది గుచ్చుకుంది. గట్టు వారంతా వెతికాడు. అలుగు కిందికి దిగి వెతికాడు. రాళ్ళున్నాయి, నంబరున్న రాయి లేదు. ఫోన్‌లో చార్జి ఎనిమిది శాతానికి పడిపోయింది.

అప్పుడు వాన పెద్దదయింది.

చుట్టుపక్కల కప్పున్నది ఒకే ఒక్కచోట. చూడకూడదనుకుంటూనే చూశాడు. చీకట్లో పెంకుల కప్పు... కింద అరుగు... మూసిన తలుపు.

"దెయ్యమూ లేదు, మన్నూ లేదు," అని పైకే అనుకుని పరిగెత్తాడు.

గుమ్మం ముందున్న మెట్టు మీద కాలు జారింది. తమాయించుకుని లైటు కిందికి తిప్పాడు. మెట్టు రాయి మీద ఏవో గీతలు. వంగి, అరచేత్తో బురద తుడిచాడు. గీతలు కావు... అంకెలు.

అదే రాయి! చెరువు నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో చెప్పాల్సిన రాయి, పాతినచోటు వదిలేసి వచ్చి, ఈ గుమ్మానికి మెట్టయి కూర్చుంది. ఇక ఫోటో తీసి ఏం లాభం? ఉండాల్సినచోట లేని రాయి నుంచి ఏ దూరం కొలుస్తారు?

కూలబడ్డట్టు గోడకు వీపు ఆనించి అరుగు మీద కూర్చున్నాడు. ఏదో వాసన తగిలింది. తడి మట్టి వాసన కాదు, గుడి గోడ దగ్గర వచ్చే వాసన. లైటు గోడ మీదికి తిప్పాడు.

మోకాలెత్తున ఒక ఎర్ర చార. నడుమెత్తున ఒకటి. రొమ్మెత్తున ఒకటి. మూడూ తడిగా మెరుస్తున్నాయి. ఆ పైన, గుమ్మం మీద, గోడ తెల్లగా ఉంది.

లేచి పోదామంటే బయట వాన గోడ కట్టినట్టుంది. కూర్చుందామంటే వెన్ను చల్లబడుతోంది. ఆ క్షణాన, భయం మీద కోపం వచ్చింది ఆయనకు. తొమ్మిది రోజుల కోపం. నిలబడ్డ బస్సులు, జెరాక్సులు, చెరిగిపోయిన దరఖాస్తులు, బృంద మౌనంగా పోసిన రసం, అన్నీ కలిసి గొంతులోకి వచ్చాయి. అటు చెరువు వైపు తిరిగి, ఇంటి భాషలో, ఉన్న శక్తంతా పెట్టి అరిచాడు.

"ఈ జాగాలోకి నీళ్ళొస్తాయా... రావా? ఎవరన్నా ఒక్కరు చెప్పి చావండ్రా!"

వాన చప్పుడు.

కప్ప ఒకటి అరిచి ఆగిపోయింది.

అప్పుడు... తల పైనుంచి... చెవి దగ్గర ఊదినంత మెల్లగా...

"ఇంకా పైకి..."

రాఘవేంద్రన్ కదల్లేదు. కదలలేకపోయాడు. చేయి మాత్రం తనకు తెలియకుండానే లైటును పైకెత్తింది. మూడు చారలు. వాటి పైన... గుమ్మం మీద... ఇందాక తెల్లగా ఉన్నచోట... ఎర్రటి నాలుగో చార. దాని అంచు నుంచి ఒక చుక్క జారి, ఆయన నుదుటి మీద పడింది.

చల్లగా ఉంది.

ఫోన్ ఆరిపోయింది.

చీకట్లో ఇంటి పక్కనుంచి అడుగుల చప్పుడు... బురదలో చప్ చప్ మని... ఆగి... మళ్ళీ చప్ మని. ఒక వెలుతురు గోడ మూల తిరిగింది. పొడుగాటి నీడ ఒకటి కప్పుదాకా లేచింది.

ఎదురుగా వచ్చింది ఒక ముసలమ్మ. నెత్తిన గోనెసంచి. ఒక చేతిలో చార్జి లైటు, ఇంకో చేతిలో కావి కలిపిన కొబ్బరిచిప్ప, చంకలో పీచు కుంచె. ఈయన్ను చూసి ఆమే ముందు అదిరిపడింది. ఏదో అనబోయింది, నోటినిండా తాంబూలం. అరుగు చివరకు పోయి, ఉమ్మి, కొంగుతో మూతి తుడుచుకుని, అప్పుడు మాట్లాడింది.

"ఎవురు తంబీ నువ్వు? నా గుండె ఆగిపాయె గదా!"

"నా గుండె ఎప్పుడో ఆగిపోయిండాది అవ్వా," అన్నాడు రాఘవేంద్రన్. అని, పిచ్చివాడిలా నవ్వాడు. చారల దెయ్యం డెబ్బై దాటిన ముసలమ్మ! రొమ్ముదాకా కూడా రాదు తనకు.

ఆమె పేరు పాపమ్మాళ్. చెరువు కాపలా ఆండి కూతురు. తూములు ఎత్తడం, దించడం, రాత్రిళ్ళు గట్టు కాయడం ఆండి పని. చెరువు నిండి నీళ్ళు ఇంట్లోకి వచ్చిన ప్రతిసారీ, ఎంత ఎత్తు వచ్చాయో గోడ మీద కావితో గీత గీసేవాడు. అవి భక్తి చారలు కావు. నీళ్ళ చారలు.

"ఆ తిరుపతిసామి కొనేవాళ్ళొచ్చేముందంతా సున్నం కొట్టిస్తాడు. పగలొస్తే వాని మనుషులు తరుముతారు. అందుకే నేను రాత్రి వచ్చి మళ్ళా గీస్తా. మా నాయన గీసింది చెరిపేస్తే ఊరుకుంటానా?"

"ఊళ్ళో ఎవరికీ తెలీదా ఇది?"

"అందరికీ తెలుసు." ఆమె గోనెసంచి దులిపింది. "నీళ్ళొస్తాయని చెప్తే ఆసామికి కోపమొస్తాది. దెయ్యముండాదని చెప్తే ఎవురికీ కోపం రాదు."

రాఘవేంద్రన్‌కు ఒళ్ళు మండిపోయింది. రెండు జిల్లాలు తిరిగాడే! ఆ రోజు ఈ గోడ ముందే నిలబడి, చేతులు జోడించి, జవాబుకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడే!

"మరి ఈ రాయి? దీన్ని ఎవరు తెచ్చి ఈడ మెట్టు చేసిండారు?"

"ఎవురూ తేలే. ముప్పై ఏండ్లాయె. ఆ రాత్రి నీళ్ళు తెచ్చి పెట్టినాయి." ఆమె రొమ్మెత్తు చారను వేలితో చూపించింది. "ఇది ఆ రాత్రి గీత. ఊరు మునిగిపోతాదని మా నాయన అలుగుకు అడ్డమున్న పలకలు పీకను పాయె. పొయ్యేముందు ఇది గీసి పాయె. తిరిగి రాలే."

వాన కొంచెం తగ్గింది.

"నన్ను మాత్రం బాగా భయపెట్టినావు అవ్వా," అన్నాడు చివరికి. "'ఇంకా పైకి' అని అట్ల గుసగుసగా అంటే..."

పాపమ్మాళ్ ఆయన వైపు తిరిగింది.

"నేను యాడ మాట్లాడినా తంబీ? ఈ మూడు గీసి, వెనక రెండో పూతకు కావి కలుపుతుండా. నోట్లో తాంబూలం."

ఆయన చేయి మెల్లగా పైకి లేచి, గుమ్మం మీది నాలుగో చారను చూపించింది. ఆమె లైటు ఎత్తి చూసింది. ఆశ్చర్యపోలేదు.

"అది నాది కాదు. నా చేయి అంత ఎత్తు అందదు."

"మరి... ఆ ఎత్తు నీళ్ళు ఎప్పుడొచ్చినాయి?"

"ఇంకా రాలే."

ఆమె కొబ్బరిచిప్ప కింద పెట్టి, మెట్టు రాయి మీద పడుతున్న వాన చుక్కల్ని చూస్తూ అంది. "నువ్వు అడిగినావా?"

"ఏమిటి?"

"నీళ్ళొస్తాయా అని. అడిగినోళ్ళకే చెప్తాడు మా నాయన. ఇన్నేండ్లలో కొననొచ్చినోడు ఒక్కడు అడగలే. అందరూ గాలి బాగుండాదా అనే అడుగుతారు."

మరునాడు బృంద ఆయన విప్పిన చొక్కా నీళ్ళలో పెట్టబోతూ ఆగింది. వీపు మీద అడ్డంగా ఎర్రటి కావి పట్టె. అరుగు మీద కూర్చున్నప్పుడు మోకాలెత్తు చార అంటుకుంది. అంతా విని, ఆ చొక్కాను ఆయన ముందుకు పట్టింది.

"కాగితం తెమ్మంటే చొక్కా మీద రాయించుకొచ్చిండారు," అంది. సంతకానికి పోలేదు.

తంగరాజ్ ఫోన్‌లో తిట్టిన తిట్లు ఇక్కడ రాయదగ్గవి కావు. మూడు వారాలకు వానలు దంచికొట్టి ఓబన్నపట్టి చెరువు నిండింది. అలుగు పారింది. చారల ఇంట్లో రెండో గీతదాకా నీళ్ళు నిలిచాయని బస్సు కండక్టరు చెప్పాడు. ఆ మధ్యాహ్నమే విరుదునగర్ ఆఫీసు నుంచి రాఘవేంద్రన్‌కు ఉత్తరం వచ్చింది. తమరు కోరిన వివరం మా పరిధిలోనిది కాదు, అని. ఆయన దాన్ని చించలేదు. మడిచి, నూలు కండెల పెట్టెలో పడేశాడు.

మగ్గాలకు చివరికి మెట్ట మీద జాగా దొరికింది. ఎత్తయిన రాతినేల. చుట్టూ రెండు మైళ్ళలో చెరువు లేదు, వాగు లేదు, కనీసం కుంట లేదు. గాలి మాత్రం పొయ్యి ముందు కూర్చున్నట్టుంటుంది. పోగు సాగదీయడం దాకా ఎందుకు, జేబులోంచి తీయకముందే తెగేలా ఉంది. ఆయన దానికీ విసుక్కున్నాడు. బృంద మాత్రం మొదటి రోజే సంతకం పెట్టింది.

షెడ్డు గోడలు లేచాయి, సున్నం వేశారు. మర్నాడు మగ్గాలు నిలబెట్టే దిమ్మెలు కట్టాలి. సాయంత్రం తాళం వేస్తూ, ఖాళీ గోడను చూసి, అలవాటైపోయిన విసుగుతో రాఘవేంద్రన్ నోరు జారాడు.

"ఏమయ్యా... ఇక్కడికన్నా నీళ్ళొస్తాయా, రావా?"

నవ్వుకుని, తాళం లాగి చూసి, ఇంటికి పోయాడు.

పొద్దున బృందే ముందు లోపలికి వెళ్ళింది. లోపలినుంచి ఆమె గొంతు వినిపించింది.

"ఏమండీ, గోడకు పసుపు బొట్టు పెట్టమంటే కావి పట్టె ఏమిటికి కొట్టిండారు?"

కొత్త సున్నం మీద, ఈ చివరి నుంచి ఆ చివరికి, మోకాలెత్తున, ఒక ఎర్ర చార. రాఘవేంద్రన్ వంగి వేలు పెట్టాడు. వేలికి తడి అంటింది.

ఆయనకు మొదట భయం వేయలేదు. ముందుగా వచ్చిన ఆలోచన ఒక్కటే: అయ్యో దేవుడా, ఇప్పుడు దీనికి ఏ ఆఫీసుకు పోవాలి?

భయం ఆ తర్వాత వచ్చింది.

మేస్త్రీ కణ్ణన్ వచ్చాడు. మగ్గాల దిమ్మెలు ఆ చార కంటే ఎత్తు లేపమన్నాడు రాఘవేంద్రన్. కణ్ణన్ గోడను చూశాడు, బయట ఎండిన మెట్టను చూశాడు, ఈయన మొహం చూశాడు.

"ఈ రాతి మీద నీళ్ళెక్కడివి సామీ?"

రాఘవేంద్రన్ వేలికంటిన కావిని చూసుకున్నాడు. కణ్ణన్ భుజాలెగరేసి, గోడ వైపు తిరిగి, చారకు జానెడు పైన సుద్దముక్కతో గుర్తు పెట్టాడు.

"ఇంత చాలా?"

"ఇంకా పైకి..."

కణ్ణన్ వెనక్కి తిరగకుండానే సరేనని తలూపి, సుద్దగీతను ఇంకో జానెడు పైకి జరిపాడు.

రాఘవేంద్రన్ అసలు నోరే తెరవలేదు.